వంకాయ బర్రె

పాలకొచ్చిన వాళ్లంతా వెళ్లాక రుక్మాబాయి చేతులు కడుక్కుని ఇంట్లోకి రాబోయి గడప దగ్గర ఆగింది. ఇంటిల్లిపాది చెప్పులూ అక్కడ వరుసగా ఉన్నాయి. అన్నిటి ముక్కులూ గల్లీ వైపే తిరిగి ఉన్నాయి.

"ఎవరు పెట్టిన్రే గిట్ల? ఇంట్లున్నోళ్లందరు ఒక్కసారే లేచిపోతున్నట్టు."

"నేనే నానమ్మా," అంది అఖిల, జడ వేయించుకుంటూనే. "పోయేటప్పుడు సీద కాలు పెట్టి పోవచ్చు. జపాన్ల అందరు గట్లనే పెడ్తరు."

"ఇది జపానా? దబీర్‌పురా."

జడ వేస్తున్న కోడలు తనూజ నవ్వు ఆపుకుంది. రుక్మాబాయి ఆ నవ్వు చూసింది. తన చెప్పులు మాత్రం కాలితో ఇంటివైపు తిప్పి లోపలికి వచ్చింది.

వాళ్లది దబీర్‌పురా స్టేషన్ వెనక గల్లీలో పాత ఇల్లు. ముందు రెండు గదులు, వెనక బర్రెల కొట్టం. రుక్మాబాయి భర్త రామ్‌చందర్ బతికినన్నాళ్లూ పాల వ్యాపారమే చేశాడు. పోయిన ఏడు ఒక పొద్దున సైకిల్‌కు పాల క్యాన్ తగిలించుకుని "పోయొస్త" అని బయల్దేరాడు. రుక్మాబాయి పాలు పిండుతూ ఉంది, తల తిప్పలేదు. ఆయన స్టేషన్ దాటక ముందే కూలిపోయాడు. ఆయన చెప్పులను ఎవరో తెచ్చి గడప దగ్గర పెట్టి వెళ్లారు. రుక్మాబాయి వాటిని తీసి పెట్టెలో దాచింది.

ఇప్పుడు కొడుకు శ్రవణ్‌కుమార్ పాలు పోసి వస్తున్నాడు. లచ్చి అనే ముసలి బర్రె మాత్రం రుక్మాబాయి చెయ్యి తప్ప వేరే చెయ్యి తగిలితే పాలు చేపదు. రుక్మాబాయికి మోకాళ్లు వంగవు. అయినా కూర్చుంటుంది.

"అత్తమ్మా, లచ్చిని అమ్మేద్దాం. మీరు కూసుంటె లేస్తలేరు," అంది తనూజ మొన్న ఒకసారి.

"లచ్చిని అమ్మితె నన్ను గూడ అమ్ము," అంది రుక్మాబాయి. ఆ మాట అక్కడితో ఆగింది గానీ ఇద్దరి మధ్యా మిగిలిపోయింది.

ఇంట్లో టీవీ ఒక్కటే. సాయంత్రం పిల్లలది, చీకటిపడ్డాక రుక్మాబాయిది. తనూజ ఇంట్లోనే జాకెట్లు కుడుతుంది. పిల్లలు ఏం చూస్తున్నారో ఒక కన్ను వేసి ఉంచుతుంది. కొట్టుకోవడాలు, అరుపులు ఉన్న బొమ్మలు వద్దని వెతికి వెతికి ఒకటి పట్టింది. జపాను బొమ్మల కథ, మాటలు తెలుగులోనే. అందులో ఒక పిల్ల, ఆ పిల్ల నానమ్మ, చెక్కలిల్లు, వాన, బడి. అంతే. ఎవరూ ఎవర్నీ కొట్టరు. తనూజ అంచులు కుడుతూ పిల్లల మధ్య కూర్చునేది. "చూడు, నానమ్మ పెట్టంగనే తింటలేరు. ముందు దండం పెడ్తున్రు," అని చెప్పేది. ఆమె కూడా ఆ దేశాన్ని చూడటం అదే మొదలు.

పిల్లలు చూసి ఊరుకోలేదు. అన్నం ముందు చేతులు జోడించి "ఇతదాకిమాస్" అనడం మొదలుపెట్టారు. బడికి పోతూ, పోయొస్తమనడానికి, "ఇత్తెకిమాస్" అని గల్లీ అంతా వినబడేలా అరిచేవాళ్లు.

"అన్నం ముంగట ఏం మంత్రం గది?" అంది రుక్మాబాయి.

"మంత్రం కాదు అత్తమ్మా. పండించినోళ్లకు, వండినోళ్లకు దండం."

"ఇయ్యాల వండింది నేను. నాకు తెలుగుల పెట్టమను."

అఖిల తమ్ముడు, ఐదేళ్ల చింటూ లేచి, పప్పు చేత్తోనే ఆమె పాదాలు పట్టుకున్నాడు. రుక్మాబాయి తిట్టబోయి, పాదం వైపు చూసుకుని, కొంగుతో తుడుచుకుంది. ఆ పూట వాడికి ఇంకో గరిటె పప్పు పడింది.

పెత్తరమాస దగ్గరికొచ్చింది. చనిపోయిన పెద్దల పేరున బియ్యం ఇచ్చే అమావాస్య అది. రామ్‌చందర్ పోయాక ఇదే మొదటిది. రుక్మాబాయి చాటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతుంటే అఖిల వచ్చి మోకాళ్ల దగ్గర కూర్చుంది.

"ఎవరికి నానమ్మా?"

"తాతకు. ఎల్లుండి పెత్తరమాస. పెద్దలు ఇంటికొస్తరు."

"తాత గూడ వస్తడా?"

"వస్తడు."

"ఎట్ల వస్తడు?"

"ఎట్లనో అట్ల వస్తడు."

"ఎంతసేపు ఉంటడు?"

"బువ్వ తిని పోతడు."

"గంతేనా?"

రుక్మాబాయి చాట చెరిగింది. పొట్టు గాలికి లేచింది. "పోయి చదువుకో పో," అంది.

ఆ సాయంత్రం తనూజ ఇంట్లో లేదు, కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి వెళ్లింది. రుక్మాబాయి కొట్టంలో ఉంది. జపాను బొమ్మల్ని పిల్లలిద్దరే చూశారు.

తెల్లారి అమావాస్యకు ముందు రోజు. రుక్మాబాయి లచ్చి దగ్గర కూర్చుని పొదుగు కడిగింది. లచ్చి కాలు విదిలించింది. మళ్లీ దువ్వింది, పేరు పెట్టి పిలిచింది, తవుడు పెట్టింది. చుక్క పాలు దిగలేదు. ఈ ఇంటికొచ్చాక లచ్చి ఎప్పుడూ ఇట్లా చేయలేదు. "ఏమైందే నీకు," అంటూ వంగి చూసిన రుక్మాబాయికి తొట్టి కింద నల్లగా ఏదో కనిపించింది.

పొడుగు వంకాయ. దానికి నాలుగు పుల్లలు గుచ్చి ఉన్నాయి. కాలి మిగిలిన పుల్లలు. నెత్తిన పసుపు, కుంకుమ. మెడకు ఎర్రదారం.

ఆమె చేతిలోని చెంబు జారింది.

"శ్రవణ్. ఓ శ్రవణ్. దౌడ్ రా."

శ్రవణ్‌తో పాటు పాలకొచ్చిన ఆగమ్మ కూడా వచ్చింది. ఆగమ్మ రామ్‌చందర్ అక్క, పక్క గల్లీలోనే ఉంటుంది. చూసిన వెంటనే రెండడుగులు వెనక్కి వేసింది.

"రుక్మా, ముట్టకు. అమాస ముంగట, గొడ్డు కాళ్ల కాడ. ఎవరో చేసిన్రు."

"పిల్లలు ఆడుకున్నరేమో అత్తా," అన్నాడు శ్రవణ్.

"ఆటకు కుంకుమ పెడ్తరారా? పసిపిల్లలకు గిట్లాంటివి ఏం ఎరుక?"

పిల్లలు బడి బట్టల్లో కొట్టం గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. రుక్మాబాయి గోడకు ఆనుకుని ఏడుస్తోంది. అఖిల ముఖం తెల్లబోయింది. చింటూ నోరు తెరవబోతే చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఎవరూ వాళ్లను ఏమీ అడగలేదు. శ్రవణ్ వంకాయను పారతో ఎత్తాడు. తల్లి చెప్పినట్టు వెనక్కి చూడకుండా తీసుకెళ్లి మూసీలో పారేసి వచ్చాడు. పిల్లలు బడికి పోయారు. ఆ రోజు "ఇత్తెకిమాస్" వినిపించలేదు.

ఆగమ్మ తాయెత్తులు కట్టే ఓదెలు దగ్గరికి వెళ్లి వచ్చింది. రొప్పుతూ అరుగు మీద కూలబడింది.

"ఇంట్ల మనిషి చెయ్యే అంటున్నడు. కొట్టం ఖాళీ కావాలనుకునేటోళ్లంట."

లోపల కుట్టుమిషన్ చప్పుడు ఆగింది. రుక్మాబాయి లోపలికి చూసింది. తనూజ కూడా తలెత్తి చూసింది.

"అత్తమ్మా, నా దిక్కు ఎందుకు చూస్తున్రు?"

"లచ్చిని అమ్ముదామన్నది ఎవరు?"

"నేనే. మీ మోకాళ్లు చూసి అన్న."

"అన్నం ముంగట మంత్రాలు నేర్పింది ఎవరు? చెప్పులు బయటికి తిప్పింది ఎవరు? ఎప్పుడన్న చూసినమా గిసుంటివి ఈ ఇంట్ల?" రుక్మాబాయి వెళ్లి టీవీ వైరు పీకింది. "ఈ డబ్బా మోగినకాడి నుంచి నా ఇల్లు నాది కాకుండ పోయింది."

"టీవీని ఏమన్న అనుండ్రి. నన్ను గా మాట అంటున్రా? సక్కగ చెప్పుండ్రి."

రుక్మాబాయి సక్కగా చెప్పలేదు. ఆగమ్మ చెప్పింది. "తప్పు చెయ్యనోళ్లకు కోపమెందుకు బిడ్డా?"

తనూజ సూదిలోంచి దారం తెంపింది. "పోయినేడు మామ పోయిన దినం మీరందరు పడిపోతె నేను నిలవడ్డ. బర్రెలకు గడ్డేసిన, మీ నోట్ల ఇన్ని నీళ్లు పోసిన. గొడ్డును సంపేదాన్నే అయితే గా దినం చేసేదాన్ని. ఎవరు చూస్తుండె?"

కుడుతున్న జాకెట్‌ను మడిచి పక్కన పెట్టింది.

"నేను జల్‌పల్లి పోత, మా అమ్మ దగ్గరికి. పెత్తరమాస మీరు జేస్కోండ్రి. నా చేతి వంట మామకు పెట్టొద్దు గద."

కొట్టంలో పేడ ఎత్తి అప్పుడే వచ్చిన శ్రవణ్ పార గోడకు ఆనించాడు. "అమ్మా, పెద్ద మాట అన్నవు."

"నీకు పెండ్లాం మాటే కనబడ్తది."

"మాట కాదమ్మా, మనిషి కనబడ్తుంది." శ్రవణ్ మెట్టు మీద కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఆ ఇంట్లో ఎవరూ తినలేదు. తనూజ బట్టలు సర్దింది. పిల్లల పుస్తకాలు పెట్టింది. రుక్మాబాయి చూడనట్టే అన్నీ చూసింది. పోవద్దు అనే మాట గొంతు దాకా వచ్చేది. లచ్చి ఎండిన పొదుగు గుర్తొచ్చి లోపలికి పోయేది. తను ఇంతకాలం ఈమె చేతి కూడే తిన్నది, ఇప్పుడు ఆ చేతికే భయపడుతోంది. కోడలు గడప దాటితే పిల్లలూ దాటుతారు. మళ్లీ వస్తారని ఎవరు చెప్పగలరు?

సాయంత్రం పిల్లలు బడి నుంచి వచ్చేసరికి గల్లీలో ఆటో ఉంది. తనూజ సంచులు ఆటోలో పెట్టింది.

"అమ్మా, జల్దీ కరో. చాంద్రాయణగుట్ట కాడ జామ్ అయితది," అన్నాడు ఆటో అతను.

"అఖిల ఏది?" అంది తనూజ.

అఖిల లేదు. శ్రవణ్ గల్లీ చివరిదాకా వెళ్లి చూశాడు. రుక్మాబాయికి కొట్టంలో చప్పుడు వినిపించింది.

అఖిల వీపున బడి సంచి దించకుండానే లచ్చి తొట్టిలో మోచేతుల దాకా చేతులు పెట్టి గడ్డి తోడుతోంది. పక్కన చింటూ తోడిన గడ్డిని మళ్లీ తొట్టిలోనే వేస్తున్నాడు.

"ఏం దేవులాడుతున్నవే?"

"గుర్రం."

"ఏం గుర్రం?"

"కీరకాయ గుర్రం. లచ్చి తిన్నది. పుల్లలన్న ఉన్నయేమోనని చూస్తున్న." అఖిల చెయ్యి చాచింది. అరచేతిలో కాలి మిగిలిన ఊదుబత్తి పుల్లలు. పొద్దున వంకాయకు గుచ్చి ఉన్నవి అట్లాంటివే. పుల్ల నోట్లో గుచ్చుకునే లచ్చి పొద్దున చేపలేదని రుక్మాబాయికి అప్పుడు తట్టింది.

రుక్మాబాయి బోర్లించిన బకెట్ మీద కూర్చుంది.

"నువ్వేనా పెట్టింది?"

అఖిల తల ఊపింది. "దేవుని కాడ పుల్లలు తీస్కున్న. ఊకెనే పారేస్తరు గద అని."

"ఎవరు చెప్పిన్రు బిడ్డా గిట్ల చెయ్యమని?"

"టీవీల. ఆ పిల్లకు గూడ తాత సచ్చిపోయిండు. ఏడాదికొకసారి ఇంటికొస్తడు. కీరకాయకు కాళ్లు పెట్టి గుర్రం చేస్తరు. గుర్రం ఉరుకుతది గద, తాత జల్ది వస్తడు. వంకాయకు కాళ్లు పెట్టి ఆవును చేస్తరు. ఆవు మెల్లగ నడుస్తది. పోయేటప్పుడు దాని మీద పోతడు. అందర్ని సూస్కుంట సూస్కుంట, మెల్లగ."

"మరి బొట్టెందుకు పెట్టినవే?"

"మనది ఆవు కాదు, బర్రె. తాత బర్రెలకు బొట్టు పెడ్తుండె గద. ఎర్రదారం గూడ తాతదే. బర్రెల సదర్ పండుగకు లచ్చికి కట్టిండు. మేకుకు ఉండె."

రుక్మాబాయి మేకు వైపు చూసింది. ఖాళీగా ఉంది. పొద్దున దారం చూసింది గానీ అది ఎవరి చేతి దారమో గుర్తుపట్టలేదు.

"తాత మస్తు జల్ది పోయిండు నానమ్మా," అంది అఖిల. "నేను ఇంక నిద్ర లేవనే లేదు. నువ్వేమో బువ్వ తినంగనే పోతడన్నవు. అందుకే బర్రెను చేసిన."

"పొద్దుగాల ఎందుకు చెప్పలేదే తల్లీ?"

"నువ్వు ఏడుస్తుంటివి. గుర్రం లేదని ఏడుస్తున్నవనుకున్న. ఇంకొకటి చేసి చెప్దామనుకున్న." అఖిల చేతిలోని పుల్లలు చూసుకుంది. "నాన్న బర్రెను గూడ మూసీల పారేసిండు. ఇగ తాత ఎట్ల వస్తడు? వస్తె ఎట్ల పోతడు?"

చింటూ గడ్డి వేయడం ఆపాడు. "పోకుంటె మంచిదే గద. ఈడనే ఉంటడు."

రుక్మాబాయి ఇద్దరినీ దగ్గరికి లాక్కుంది. ఏడాదిగా పట్టి ఉంచిన ఏడుపు అంతా అప్పుడు వచ్చింది. బడి సంచి మధ్యలో అడ్డం పడుతున్నా వదల్లేదు. లచ్చి మెడ వంచి ముగ్గురినీ వాసన చూసింది.

తలెత్తేసరికి గుమ్మంలో తనూజ ఉంది. ఆమె వెనక శ్రవణ్, ఆ వెనక ఆగమ్మ. అంతా విన్నారు.

రుక్మాబాయి ముందు ఆడబిడ్డ వైపు చూసింది. "వదినె, ఓదెలు ఒక్క మాట సరిగ్గనే చెప్పిండు. ఇంట్ల మనిషే. పెట్టింది నా మనవరాలు. తాత వస్తడని చెప్పి పెట్టించింది నేను. గా ముచ్చట నువ్వు ఎవరెవరికి చెప్పినవో, ఈ ముచ్చట గూడ వాళ్లకు చెప్పు."

ఆగమ్మ తల దించుకుంది. "చెప్త," అంది.

రుక్మాబాయి కోడలి వైపు తిరిగింది. "అనరాని మాట అన్న బిడ్డా."

తనూజ కళ్లు తుడుచుకోలేదు. "అత్తమ్మా, గా వంకాయను నేను చూసినా భయపడేదాన్నే. మీరు భయపడ్డందుకు నాకేం లేదు. భయం కాంగనే నా మొఖం చూసిన్రు. గదే."

రుక్మాబాయి గోడ పట్టుకుని లేచింది. ఇల్లంతా దాటి గల్లీలోకి వెళ్లింది. ఆటోలోంచి పెద్ద సంచి రెండు చేతులా లాగింది.

"క్యా అమ్మా, జానా నై?" అన్నాడు ఆటో అతను.

"పోదు బిడ్డా. నేను పోనియ్య."

సంచి బరువు. ఆమె ఒక మెట్టు ఎక్కి ఆగింది. రెండో మెట్టుకు మోకాలు లేవలేదు. అప్పుడు సంచికి రెండో వైపు చెయ్యి పడింది.

"ఇటియ్యండ్రి. మోకాళ్లు పోతయి," అంది తనూజ.

ఇద్దరూ కలిసి సంచిని లోపల పెట్టారు. పెట్టాక రుక్మాబాయి చెయ్యి సంచిని వదిలి తనూజ చేతిని పట్టుకుంది. తనూజ విడిపించుకోలేదు.

మర్నాడు పెత్తరమాస. తెల్లారగట్ల రుక్మాబాయి లచ్చి దగ్గర కూర్చుంటే పక్కన తనూజ కూడా కూర్చుంది. రుక్మాబాయి కోడలి చేతిని తన చేతి కింద పెట్టి పొదుగుకు తగిలించింది. లచ్చి ఒకసారి వెనక్కి చూసింది. చెంబులో పాల ధార మోగింది.

పెద్దల పేరున బియ్యం ఇచ్చి వచ్చారు. వంట తనూజే చేసింది. రామ్‌చందర్ పటం ముందు విస్తరి వేశారు. శ్రవణ్ కూరకని తెచ్చిన వంకాయల్లో నల్లటిది, పొడుగ్గా ఉన్నది ఒకటి ఏరి అఖిల చేతికిచ్చాడు. కాళ్లు సరిగ్గా నిలబడట్లేదని ఆగమ్మ చీపురుపుల్లలు తెచ్చింది. ఈసారి బొట్టు రుక్మాబాయి పెట్టింది. కీరకాయ గుర్రాన్ని లచ్చికి అందకుండా దూరంగా ఉంచారు.

"తాత వచ్చిండా?" అన్నాడు చింటూ, పటం వెనక్కి చూసి.

"పోయొస్త అని పోయిండు గద. వస్తడు," అంది రుక్మాబాయి. "పోయొస్తనన్నోళ్లు వచ్చినంక ఇంట్లున్నోళ్లు ఏమంటరే మీ జపాన్ల?"

"ఒకాయెరి," అంది అఖిల.

"ఒకాయెరి," అంది రుక్మాబాయి పటం వైపు చూస్తూ. నోరు తిరగక రెండోసారి అంది. ఎవరూ నవ్వలేదు.

సాయంత్రం ఆమే టీవీ వైరు పెట్టింది. పిల్లలు ముందు కూర్చున్నారు. తనూజ సూదీ దారం తెచ్చుకుంది. "నాకు గూడ చెప్పు, ఎవరు ఏందో," అంటూ రుక్మాబాయి కోడలి పక్కన జరిగి కూర్చోబోయి, ఏదో గుర్తొచ్చి లోపలికి వెళ్లింది. పెట్టె తెరిచి రామ్‌చందర్ చెప్పులు తీసింది.

గడప దగ్గర అఖిల పెట్టిన వరుస అట్లాగే ఉంది, ముక్కులన్నీ బయటికి. తన చెప్పులను కూడా ఆమె ఆ వరుసలోకి తిప్పింది. చివరన ఆయన చెప్పులు పెట్టింది.

వాటి ముక్కులు మాత్రం ఇంట్లోకి పెట్టింది.